గోవా ఖర్చుకే సింగపూర్!

హన్మకొండలో ఈ మధ్య ఎవరిని కదిలించినా ఒకటే లెక్క చెబుతున్నారు. "గోవాకు పోయినా గంతే ఖర్సన్నా. ఇంకో ఇరవై వేలు ఏసుకుంటే సింగపూరే అయిపాయె. పిల్లలకు యూనివర్సల్ స్టూడియోస్ సూపెట్టినట్టయితది." ఈ మాట చెప్పేవాళ్లలో సగం మంది గోవా చూడలేదు, మిగతా సగం సింగపూర్ చూడలేదు. రెండూ చూసినవాడు మాత్రం ఈ లెక్క జోలికి రాడు. కిస్తీ తేదీ గుర్తొచ్చి మెల్లగా పక్కకు తప్పుకుంటాడు.

ఈ లెక్క పుట్టేది ట్రావెల్స్ ఆఫీసు అద్దం మీద. 4 రాత్రులు, 5 పగళ్లు, మనిషికి ఇంత అని అరచేయి వెడల్పున ఒక అంకె, దాని పక్కన ఆవగింజంత నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం భావం అద్దం అడుగున, చీపురు తగిలే చోట రాసి ఉంటుంది. విమానం అదనం, వీసా అదనం, పన్నులు అదనం, పార్కు లోపలి భోజనం అదనం. ఇక ప్యాకేజీలో మిగిలిందేమిటయ్యా అంటే ఒక గది, పొద్దున్నే రెండు బ్రెడ్డుముక్కలు, ఊరు తిప్పే వ్యాను.

ఆ అంకె చూసి వచ్చిన ఇంటి పెద్దమనిషి రాత్రి భోజనం కాగానే ఎక్సెల్ షీటు తెరుస్తాడు. పెళ్లయిన నాటి నుంచి పాల లెక్క కూడా రాసి ఎరగని మనిషి. షీటు చూడముచ్చటగా ఉంటుంది, గడులకు రంగులు కూడా వేస్తాడు. చిక్కల్లా ఒకటే: ఆ షీటు శంషాబాద్‌లో మొదలై శంషాబాద్‌లోనే అయిపోతుంది. హన్మకొండ నుంచి విమానాశ్రయం దాకా ఉన్న 160 కిలోమీటర్ల పైచిలుకు దారి, దానికి కట్టిన ఇన్నోవా, కోమళ్ల దగ్గరొకటి గూడూరు దగ్గరొకటి టోల్‌గేట్లు, డ్రైవర్ టిఫిను... ఇవన్నీ "మన దగ్గరి ఖర్చే కదా" అని వదిలేస్తాడు. పాస్‌పోర్టులు పెద్దవాళ్లకు 1,500, పిల్లలకు 1,000. అది టూరు ఖర్చు కాదట, "ఎప్పటికైనా పనికొచ్చే డాక్యుమెంటు"ట. పిల్లల పాస్‌పోర్టు గడువు అయిదేళ్లే. ఆలోగా మళ్లీ వెళ్తేనే ఆ పనికిరావడం. కొత్త సూట్‌కేసులు "ఇంట్లోకి ఎట్లాగూ కావాలె". నలుగురికీ కొత్త బూట్లు దసరా ఖాతాలోకి పోతాయి. విదేశీ ప్యాకేజీ మీద 2020 అక్టోబరు నుంచి వసూలు చేస్తున్న టీసీఎస్ అనే ముందస్తు పన్ను "రిటర్ను వేస్తే తిరిగొస్తది". అదైతే నిజమే. వచ్చేదాకా మాత్రం అది పోయిన డబ్బే. కార్డు గీకినప్పుడల్లా బ్యాంకు కోసుకునే మారకపు రుసుము సంగతి నెలాఖరు బిల్లు వచ్చాక గానీ తెలియదు.

ఇన్ని తీసేశాక చూస్తే, ఔను మరి, గోవా ఖర్చే!

ఇక డబ్బు ఎక్కడిది? ఇక్కడే మన ఊరి ప్రత్యేకత. కాకతీయులు ఏలిన ఊరే కావచ్చు, ఇప్పుడు ఏలుతున్నది మాత్రం చిట్‌ఫండ్ ఆఫీసులు. బిడ్డ ఫీజు కోసమనో, పరకాల రోడ్డున ప్లాటు కోసమనో వేసిన అయిదు లక్షల చిట్టిని నాలుగో నెలలోనే పాడి లేపుతాడు. పాటలో తోసింది, అంటే వదులుకున్నది, లక్ష పైన. నిర్వాహకుడి కమీషన్ అందులోనే. ఆ కమీషన్ పరిమితిని 2019లో చట్టం సవరించి 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు. ఈ లక్షకు షీటులో గడి ఉండదు. "చిట్టి లేపినం" అంటారే గానీ "అప్పు చేసినం" అని ఎవరూ అనరు. మిగిలిన నెలలు వాయిదా కడుతూ పోవడాన్ని పొదుపు అని పిలవడం ఓరుగల్లులో మాత్రమే సాధ్యం.

విమానం చవకదే దొరుకుతుంది. చవక విమానంలో సీటు మాత్రమే చవక. సంచికి వేరే, కోరుకున్న చోట కూర్చోవడానికి వేరే, తాగే నీళ్లకు వేరే. చేతిసంచి 7 కిలోలు దాటకూడదు. దాంతో ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఇంట్లో కొక్కెం కాంటా వేలాడుతుంది. సకినాల డబ్బా, చెగోడీలు, మామిడికాయ తొక్కు, పులిహోర పొడి వేసి ఎత్తితే 9 కిలోలు. ఏదో ఒకటి తీయాలి. తల్లి చెయ్యి సకినాల మీదికి పోదు. పిల్లవాడి స్వెట్టరు తీస్తుంది, వాడు కొత్తగా కొనిపించుకున్న బొమ్మ తీస్తుంది, భర్త రెండో జత బూట్లు తీస్తుంది. 7 కిలోలకు వచ్చేసరికి సంచిలో అయిదు కిలోలు తిండే. అది తినే చోటేది? సింగపూర్ మెట్రోలో తింటే జరిమానా 500 డాలర్ల దాకా. థీమ్ పార్కు గేటు దగ్గర బయటి తిండి నిషేధం. సకినాలు రాను పోను విమానయానం చేసి, కరకర తగ్గకుండా హన్మకొండకే తిరిగొస్తాయి.

పార్కు లోపల అడుగు పెట్టాక పిల్లలకు కొత్త చదువు మొదలవుతుంది. సింగపూర్ డాలరు 65 రూపాయలు దాటి చాలా రోజులైంది. పెద్దవాళ్ల టికెట్టు 80 డాలర్లకు పైమాటే. తండ్రి ప్రతి బోర్డు ముందూ ఆగి పెదవులు కదుపుతుంటాడు. నీళ్ల సీసా ఇంటూ 65. ఐస్‌క్రీం ఇంటూ 65. ఒక ప్లేటు అన్నం వెయ్యి రూపాయల పైన తేలగానే "ఆకలైతుందారా?" అని అడుగుతాడు. కాదు అనే జవాబు కోసం అడిగిన ప్రశ్న అది. ఎక్కాల పుస్తకంలో లేని అరవై అయిదో ఎక్కం పిల్లలకు ఆ ఒక్కరోజులో నోటికొచ్చేస్తుంది.

వయసు సంగతి ఇంకా చోద్యం. ఆర్టీసీ బస్సులో అరటికెట్టు కోసం పిల్లల వయసు తగ్గించి చెప్పి అలవాటైన నోరు మనది. అక్కడ నాలుగేళ్ల లోపు వాళ్లకు టికెట్టు లేదు, నాలుగు నుంచి పన్నెండు దాకా తక్కువ ధర. పాస్‌పోర్టులో పుట్టినతేదీ ఉండటంతో ఆ విద్య పారదు. సరే అనుకుని లోపలికి పోతే రైడు రైడుకూ ఒక కొలకర్ర. డైనోసార్ల నీళ్ల రైడుకు 107 సెంటీమీటర్లు, మమ్మీ రైడుకు 122, గలాక్టికా కోస్టర్లకు 125. మనవాడు 118 దగ్గర ఆగిపోయి ఉంటాడు. గేటు దగ్గర మూడేళ్లవాడిని చేయాలని చూసిన తల్లే ఇక్కడ దువ్వెన తీసి వాడి జుట్టు పైకి లేపుతుంది. "మడమలెత్తు బిడ్డా" అని తండ్రి చెవిలో ఊదుతాడు. అక్కడ పనిచేసే పిల్ల చిరునవ్వుతోనే చేయి అడ్డం పెడుతుంది. ఈ రైడు కోసమే రెండు నెలలుగా యూట్యూబ్ చూసి, బళ్లో అందరికీ చెప్పి వచ్చినవాడు ఆ కర్ర పక్కనే కూర్చుని ఏడుస్తాడు. రెండు నెలల్లో అంత చూసినవాళ్లు, ఇంట్లో గోడకు ఆనించి వాడి ఎత్తు ఒక్కసారి కొలవలేకపోయారు.

వరుసల గురించి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుమలలో 300 రూపాయల టికెట్టు ఎరిగినవాళ్లం. పార్కులదీ అదే దారి. కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన తొలి డిస్నీలాండ్‌లో రైడుకో కూపన్ చొప్పున చించి ఇచ్చేవారు. తర్వాత అన్నిటికీ కలిపి ఒకటే టికెట్టు పెట్టారు, దాంతో వరుసలు పెరిగాయి. 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో వరుస తప్పించే సదుపాయం ఉచితంగా ఇచ్చి అలవాటు చేశారు, 2021లో దాన్ని ఎత్తేసి డబ్బుకు అమ్మడం మొదలుపెట్టారు. సింగపూర్‌లోనూ ఎక్స్‌ప్రెస్ పాస్ వేరే కొనాలి, రద్దీ రోజున అది అసలు టికెట్టుతో పోటీ పడుతుంది. మన పెద్దమనిషి షీటులో దానికీ గడి లేదు కాబట్టి కుటుంబమంతా సర్వదర్శనం లైన్లోనే. వేసవి సెలవుల చివర పోతే అక్కడి బళ్లకూ అవే సెలవులు. మధ్యాహ్నం ఉరిమిందా, బయటి రైడ్లు ఆపేస్తారు. 80 డాలర్లు పెట్టి గొడుగు కింద నిలబడి చూసే వాన, ములుగు అడవిలో పైసా ఖర్చు లేకుండా కురిసే వానలాగే ఉంటుంది.

ఇంత చదివి, "ముందు రామప్ప చూడండయ్యా, ఆ తర్వాత సింగపూర్" అని చెప్పబోతున్నానని కొందరు కాచుకుని ఉంటారు. చెప్పను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తించిన గుడి, నిజమే. కానీ రోలర్ కోస్టర్ అడిగిన పిల్లవాడికి మదనిక శిల్పం చూపించడం కూడా ఒక రకం మోసమే. వాడికి కావలసింది కడుపులో గుభేలుమనడం. అందులో తప్పేమీ లేదు.

అయితే ఆ గుభేలు ఎక్కడ దొరుకుతుందన్న సంగతి వాడే చెబుతాడు, వినేవాళ్లుంటే. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కిన ఇన్నోవా శంషాబాద్ చేరేలోపు రెండు పేర్ల పక్క నుంచి పోతుంది. మొదటిది రామోజీ ఫిల్మ్ సిటీ, 1996లో తెరిచింది, 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. రెండోది రావిర్యాల దగ్గరి వండర్‌లా థీమ్ పార్కు, 2016 నుంచి నడుస్తోంది. అక్కడి రైడ్లు రోడ్డు మీదికి కనిపిస్తాయి. పిల్లవాడు కిటికీకి ముక్కు ఆనించి, "డాడీ, గిదే కదా! ఆపు, ఆపు!" అంటాడు. తండ్రి ఫోన్లోంచి తల ఎత్తకుండానే "గది లోకల్‌రా" అంటాడు. వెనక సీట్లో తల్లి మాట్లాడదు. ఫ్లైటు ఇంకా అయిదు గంటలుంది.

లోకల్. పిల్లల కోసం పోతున్నామన్న మాట ఎంతవరకు నిజమో ఆ మాటతో తేలిపోతుంది. వాడికి రైడు కావాలి. తండ్రికి వాట్సాప్‌లో పెట్టుకునే ఫొటో కావాలి. నీలంగా తిరిగే గోళం, దాని మీద యూనివర్సల్ అన్న అక్షరాలు, ముందు నలుగురూ వేళ్లు వి ఆకారంలో పెట్టి నిలబడ్డ ఫొటో. ఆ గోళం పార్కు గేటుకు బయట ఉంది. దాని ముందు నిలబడటానికి టికెట్టు అక్కర్లేదు. హార్బర్‌ఫ్రంట్ నుంచి ఆ పార్కు ఉన్న సెంతోసా దీవి దాకా నడకదారి కూడా ఉచితమే. ట్రావెల్స్ అద్దం మీద ఈ సంగతి నక్షత్రం కింద కూడా రాయరు.

సింగపూర్ కాక దుబాయ్ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు శంషాబాద్‌లో ఇంకొకరు తారసపడతారు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన మనిషి, తాడుతో కట్టిన అట్టపెట్టె పక్కన నిలబడి బోర్డింగ్ పాస్ చేతికిచ్చి, "సారూ, జర ఏ గేటో సూసి సెప్పు" అంటాడు. గల్ఫ్‌లో పనిచేస్తూ రెండేళ్లకోసారి ఇంటికొచ్చి పోయే మనిషి. విదేశానికి పోవడానికి అసలు ఖర్చెంతో కచ్చితంగా తెలిసినవాడు ఆ విమానంలో ఆయనొక్కడే. ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీతో సహా నోటికి చెప్పగలడు. మన ఎక్సెల్ షీటు ఆయన కంట పడకపోవడమే మంచిది.

నాయనమ్మను ఎందుకు తీసుకుపోలేదని అడిగితే "ఆమెకు నడక చాతగాదు" అంటారు. మేడారం జాతరకు మాత్రం ఆమె ఏనాడూ తప్పలేదు. షీటులో ఆమె లేకపోవడం వల్లే అంకె గోవాకు సరిపోయింది. ఇంటి తాళం, తులసికోట నీళ్లు, కొరియరువాడు ఆమె వంతు.

వీళ్లు తిరిగొచ్చాక అసలు నష్టం మొదలవుతుంది, అదీ వీళ్లకు కాదు. బళ్లో టీచరమ్మ సెలవులు ఎలా గడిపారో రాయమంటుంది. ఒకడు సింగపూర్ అని రాస్తాడు. పక్కవాడు నర్సంపేట అమ్మమ్మ ఊరు, పాకాల చెరువు అని రాసి, చదవమంటే లేవడు. వాడు సాయంత్రం ఇంటికొచ్చి ఏమడుగుతాడో ఊహించుకోవచ్చు. వాళ్ల నాన్న మన పెద్దమనిషి దగ్గరికే వచ్చి "ఎంతయిందే బావా?" అంటాడు. ఆ క్షణాన కార్డు బిల్లు, చిట్టి తోపు, కొలకర్ర దగ్గరి ఏడుపు, అన్నీ ఈయన కళ్ల ముందు తిరుగుతాయి. "ఎంతనే, గోవాకు పోయినా గంతే" అంటాడు. అడిగినాయన పోయి షీటు తెరుస్తాడు.

నేను పోవద్దనడం లేదు. మామునూరు విమానాశ్రయం తెరిస్తే ఇన్నోవా ఖర్చూ తప్పుతుంది, అప్పుడు ఇంకా పోండి. దాచుకున్నదైనా అప్పైనా మీ డబ్బు, మీ పిల్లలు. పోయొచ్చాక పక్కింటాయన అడిగితే మాత్రం, చిట్టి తోపు కూడా కలిపి, అసలు అంకె చెప్పండి.