బుర్ర ఒకడిది, బ్యాడ్జి ఇంకొకడిది

పాత స్పోర్ట్స్ కారులో పెద్ద ఇంజిన్ వేయాలంటే ఏం కావాలి? ఒక గ్యారేజీ, నాలుగు స్పానర్లు, చేతిలో కాస్త పనితనం. అదే పని పెద్ద కంపెనీ చేయాలంటే? బోర్డు కావాలి. కమిటీ కావాలి. దాని మీద ఇంకో కమిటీ కావాలి. ఇన్ని ఉన్నాక కారు బాగుపడుతుందా? బ్రిటన్‌లో బాగుపడలేదు.

1962లో ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు ఎంజీబీ వచ్చింది. నాలుగు సిలిండర్లు, 1798 సీసీ. ముద్దొచ్చే కారు. బాగానే అమ్ముడుపోయింది. ఇంకాస్త దూకుడు కావాలన్నారు జనం. 1967లో యాజమాన్యం కరుణించింది. ఎంజీసీ వేంచేసింది! ఆరు సిలిండర్లు, 2912 సీసీ, పాతదానికంటే 90 కిలోలకు పైగా ఎక్కువ బరువున్న ఇనప దిమ్మ. అది పట్టలేదు. ముందు సస్పెన్షన్ పీకి టార్షన్ బార్లు పెట్టారు. బానెట్ మూతపడలేదు. బానెట్‌నే ఉబ్బించారు. కార్బురేటర్ అక్కడా తగిలింది. ఆ ఉబ్బు మీద ఇంకో బుడిపె! నెత్తిన బొప్పి కట్టిన కారును తెచ్చి షోరూంలో నిలబెట్టారు. మలుపులో ముక్కు తిరగనంటోందని పత్రికలు ఉతికి ఆరేశాయి. యువరాజు చార్లెస్ ఒకటి కొనుక్కున్నాడు. ప్రజలు మాత్రం అంత సాహసం చేయలేదు. 1969లో మంగళం పాడేశారు.

తేలికైన పెద్ద ఇంజిన్ దేశంలో దొరకలేదా? దొరకడమేంటి, ఇంట్లోనే ఉంది! అమెరికాలో బ్యూక్ కంపెనీ వదిలేసిన అల్యూమినియం వీ8ను, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను, రోవర్ కంపెనీ హక్కులతో సహా కొనేసింది. 3528 సీసీ. ఎంజీబీ ఇనప ఇంజిన్‌కంటే బరువేం ఎక్కువ కాదు. 1968లో రోవర్, ఎంజీ, ట్రయంఫ్ అన్నీ బ్రిటిష్ లేలాండ్ గొడుగు కిందికి చేరాయి. అవును, మన ఆర్టీసీ బస్సుల మీద చూసే ఆ లేలాండ్ పేరే. ఒకటే గొడుగు, ఒకటే ఖజానా. అయినా పక్కింటి ఇంజిన్ ముట్టుకుంటే మైల! ట్రయంఫ్ వాళ్లు 1970లో తెచ్చిన స్టాగ్ కారు కోసం సొంతంగా వీ8 వండుకున్నారు. అది నిజంగానే ఉడికింది. వేడెక్కడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం, ఓనరు రోడ్డు పక్కన నిలబడటం. రోవర్ ఇంజిన్ అందులో పట్టదన్నారు. తర్వాత ఓనర్లే గ్యారేజీల్లో శుభ్రంగా పట్టించుకున్నారు. బానెట్ కింద అహం కాళ్లు చాపుకుని కూర్చుంటే ఇంజిన్‌కు చోటెక్కడిది?

ఇంతలో కెన్ కాస్టెలో అనే మాజీ మినీ కార్ల రేసర్ రంగంలోకి దిగాడు. 1970 ప్రాంతంలో తన గ్యారేజీలో రోవర్ వీ8ను ఎంజీబీలోకి ఎక్కించేశాడు. మీటింగు లేదు, మినిట్స్ లేవు. కారు దూసుకెళ్లింది. ఆర్డర్లు వచ్చాయి. కారు మీద తన పేరు బ్యాడ్జి కొట్టుకున్నాడు. సంగతి లేలాండ్ పెద్దల చెవిన పడింది. పిలిపించారు. చూశారు. తలూపారు. మాకూ ఒకటి చేసిపెట్టవోయ్ అన్నారు. పాపం, చేసిపెట్టాడు. 1973 ఆగస్టులో కంపెనీ తన సొంత ఎంజీబీ జీటీ వీ8ను విడుదల చేసింది. కాస్టెలోకు ఇంజిన్లు దొరకడమే గగనమైంది!

కొట్టేసిన ఐడియానైనా సరిగ్గా వాడారా? పలచన చేసి 137 హార్స్‌పవర్‌కు దించారు. టాప్ లేని మోడల్ ఇవ్వలేదు. ఎంజీలు ఎగబడి కొనే అమెరికాకు పంపలేదు. అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చిపడింది. అది వాళ్ల తప్పు కాదు, ఒప్పుకుందాం. గ్యారేజీలో తేలిపోయిన పని అన్నేళ్లు ఏ ఫైలు కింద నిద్రపోయింది? అది ఎవరి తప్పు? మొత్తం తయారైనవి 2591. 1976లో అదీ మూత.

మరి శిక్ష ఎవరికి? 1975లో కంపెనీ మునుగుతుంటే జనం సొమ్ముతో ప్రభుత్వం ఒడ్డుకు లాగింది. అధిపతి లార్డ్ స్టోక్స్‌ను గౌరవాధ్యక్షుణ్ని చేశారు. 1979 సెప్టెంబరులో ఎంజీ ఫ్యాక్టరీకి యాభై ఏళ్లని అబింగ్డన్ ఊరు సంబరాలు చేసుకుంది. అవి ముగిశాయో లేదో, 10వ తేదీన కబురొచ్చింది: ఫ్యాక్టరీ మూసేస్తున్నాం! మరుసటి ఏడు గేటుకు తాళం. తప్పుడు ఇంజిన్ అమ్మినవాడికి గౌరవం. సరైన ఇంజిన్ ఎక్కించినవాడికి మొండిచెయ్యి. ఇచ్చిన ఇంజిన్ బిగించినవాడికి వీధి.

ఎక్కడో ఇంగ్లండ్ గొడవ మనకెందుకంటారా? మీ ఐడియాను మీ ముందే మీటింగులో చదివేసిన బాసు ఉంటాడుగా, ఆయన్ని అడగండి. ఇలాంటివి ఎలా జరుగుతాయో చక్కగా వివరిస్తాడు. ఆ వివరణ కూడా తనదేనంటాడు.