అయిదేళ్ల కౌలుకు దయ్యం

భూమిని కౌలుకిస్తారు. చేపల చెరువుని కౌలుకిస్తారు. మామిడితోటని పూత చూసి కౌలుకిస్తారు. దయ్యాన్ని కౌలుకివ్వచ్చని మాత్రం 2025 ఆగస్టు దాకా ఎవరికీ తట్టలేదు. కనెక్టికట్ రాష్ట్రం మన్రోలో దయ్యాల పరిశోధకులుగా పేరుపడ్డ వారెన్ దంపతుల ఇంటిని మిత్రుడితో కలిసి కొన్న అమెరికా హాస్యగాడు మ్యాట్ రైఫ్ ఆ కొరత తీర్చాడు. ఇల్లేమో సొంతమట. ఇంట్లో ఉన్న 750 శాపగ్రస్త వస్తువులకీ, వాటన్నిటికీ పెద్దదిక్కయిన అనబెల్ బొమ్మకీ మాత్రం కనీసం అయిదేళ్లపాటు తాము 'చట్టబద్ధ సంరక్షకుల'మట. రాత్రి బసకి గదులిస్తారట, మ్యూజియం తిప్పి చూపిస్తారట. చెప్పినవాడి వృత్తి హాస్యం కదా అని జోకు కింద కొట్టిపారేయడానికి లేదు. ఇల్లు నిజంగానే కొన్నాడు. పాడి పెట్టుకున్నవాడు పిడకలు కూడా అమ్ముకున్నట్టు, నవ్వించేవాడు భయపెట్టడం పక్క వ్యాపారంగా పెట్టుకున్నాడు.

ముందు ఆ 'సంరక్షకుడు' అన్న మాట సంగతి చూద్దాం. కోర్టులు గార్డియన్ని పెట్టేది మైనరుకి, లేదా మతి స్థిమితం లేనివారికి. అనబెల్ కథ 1970లో మొదలైందని చెప్పింది వారెన్లే. యాభై అయిదేళ్లు వచ్చినా ఈ పాపకి మైనారిటీ తీరలేదన్నమాట. ఇంతకీ ఎవరిని ఎవరి నుంచి సంరక్షిస్తారు? బొమ్మని జనం నుంచి కాపాడతారా, జనాన్ని బొమ్మ నుంచి కాపాడతారా? రెండోదే అయితే రాత్రి బసకి గదులివ్వడం ఏ రకం కాపలా? పులిబోనుకి కాపలా ఉన్నవాడు బోనులో మంచం వేసి అద్దెకివ్వడు. ఇస్తున్నాడంటే లోపల పులి లేదని అందరికంటే ముందు వాడికే తెలిసి ఉండాలి.

కౌలు అన్నాక షరతులుంటాయి. గుంటూరు మిరప రైతునడిగితే చెబుతాడు: మక్తా ఎంత, ఏ నెలలో కట్టాలి, వాన మొహం చాటేస్తే ఎంత తగ్గించాలి, గట్టు మీది తాటిచెట్టు ఎవరిది. మరి ఈ కౌలులో దయ్యం ఒక ఏడాదంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మక్తా తగ్గుతుందా? గడువు తీరకముందే ఆత్మ విసుగెత్తి వెళ్లిపోతే ఖాళీ బొమ్మని యజమాని వెనక్కి తీసుకుంటాడా, నష్టపరిహారం అడుగుతాడా? అప్పగింతల రోజున 750 వస్తువులనీ వరసగా పెట్టి లెక్క చూసుకోవచ్చు. వాటిలోని దయ్యాల లెక్క ఎవరు చూస్తారు? గోడౌనులో బియ్యానికి తరుగు రాసినట్టు దయ్యాలకీ తరుగు రాస్తారా? పక్కపక్కనే ఉన్న రెండు బొమ్మల దయ్యాలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారిపోతే సర్వేయరుని పిలిపించి హద్దులు వేయిస్తారా? ఇవి ఎగతాళి ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, దయ్యం ఒక ఆస్తి అని నిజంగా నమ్మేవాడు మొదటి రోజునే అడగాల్సిన ప్రశ్నలివే. ఎవరూ అడగలేదు. ఆ పత్రం రాసుకున్న రెండు పక్షాలకీ చేతులు మారేది ఏమిటో బాగా తెలుసు: ఒక పేరు, ఒక సినిమా పోస్టరు, టికెట్టు తెంపే హక్కు.

దయ్యానికి చట్టం కావలసివచ్చింది కాబట్టి దయ్యం గురించి చట్టం ఏమందో కూడా చూడాలి. ఇదే మ్యూజియం 2019లో మూతపడింది. ఫాదరీల మంత్రజలం వల్ల కాదు. ఇళ్ల మధ్య ఈ రద్దీ కుదరదన్న పట్టణ జోనింగ్ నిబంధన వల్ల. ప్రపంచాన్ని వణికించే వస్తువులన్నీ కూడబలుక్కుని ఒక్క మునిసిపల్ నిబంధనని కదిలించలేకపోయాయి. అంతకు చాలా ముందు, 1981లో, అదే కనెక్టికట్‌లో ఒక హత్యకేసులో నిందితుణ్ణి దయ్యం ఆవహించిందని అతని వకీలు వాదించబోయాడు. ఆ కథకి దన్నుగా నిలిచింది వారెన్లే. రుజువు చేయడానికి వీలే లేని వాదన అని న్యాయమూర్తి దాన్ని గుమ్మంలోనే ఆపేశాడు, నిందితుడికి శిక్ష పడింది. కోర్టులో చెల్లని ఆ వాదన నలభై ఏళ్ల తరవాత 2021లో సినిమాహాల్లో చెల్లింది. కత్తిపోట్లకి పోయిన మనిషి ఆ సినిమాకి ఒక కారణం మాత్రమే అయ్యాడు.

ఇక బొమ్మ. 'అనబెల్' సినిమాలో చూసిన పింగాణీ మొహం, పగుళ్ల బుగ్గలు మర్చిపోవాలి. మన్రో అద్దాల పెట్టెలో ఉన్నది ర్యాగెడీ ఆన్ అనే గుడ్డబొమ్మ. ఎర్ర ఊలు జుట్టు, బొత్తాల్లాంటి నల్లకళ్లు, ఎర్రని ముక్కోణం ముక్కు, చెదరని చిరునవ్వు. జానీ గ్రూయెల్ అనే బొమ్మల రచయిత 1915లో పేటెంటు తీసుకున్న నమూనా అది, అమెరికాలో తరాల తరబడి పిల్లల చంకలో పెరిగింది. ఆ మొహంతో ఎవరినీ భయపెట్టలేమని సినిమావాళ్లకి వెంటనే అర్థమైంది, కొత్త మొహం చేయించుకున్నారు. దాని కథలో సాక్ష్యం ఎంతుందో వెతకండి. తల్లి కొనిచ్చిన బొమ్మతో ఒక నర్సింగ్ విద్యార్థిని ఉంది, ఇంటిపేరు లేదు. ఆత్మలతో మాట్లాడే మనిషి వచ్చి ఇందులో ఒక చిన్నపిల్ల ఆత్మ ఉందంది. తరవాత వారెన్లు వచ్చి పిల్ల కాదు, పిల్ల వేషంలో ఉన్న పిశాచం అన్నారు. ఒక సాక్షి మాటని ఇంకో సాక్షి కొట్టేస్తే ఏ పంచాయితీలోనైనా ఇద్దరినీ అనుమానిస్తారు. ఇక్కడ కథకి బలం పెరిగిందనుకున్నారు. పెట్టెమీద తట్టి వెక్కిరించిన కుర్రాడు ఇంటికెళ్తూ మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడట. వాడికి పేరు లేదు, ఆ రోజుకి తేదీ లేదు, ఆ రోడ్డుకి నంబరు లేదు. న్యూరాలజిస్టు స్టీవెన్ నోవెల్లా, ఆయన మిత్రులు 1990లలో వారెన్ల దగ్గరికే వెళ్లి ఆధారాలు చూపించమంటే చేతికొచ్చినవి మసకబారిన ఫొటోలు, కథలు.

అసలు కోపమొచ్చేది దీన్ని మ్యూజియం అనడం దగ్గర. మ్యూజియం అంటే అద్దాల బీరువాలు, మసక దీపాలు అనుకుంటాం గానీ, దాని ప్రాణమంతా లోపలి గదిలో ఉండే ఒక రిజిస్టరులో ఉంటుంది. వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ ఏడాది వచ్చింది, మధ్యలో ఎవరి చేతులు మారింది: ఆ పుట్టుపూర్వోత్తరాలు లేని వస్తువు ఎంత అందంగా ఉన్నా పాత సామాను కొట్లోదే. బ్రిటిష్ మ్యూజియంలో 'దురదృష్టపు మమ్మీ' అని ప్రసిద్ధికెక్కినది ఒకటుంది. దాని మీద లేని శాపం లేదు, అది టైటానిక్ ఎక్కి ఓడని ముంచిందని కూడా అన్నారు. రిజిస్టరు తీస్తే: నంబరు 22542, వచ్చిన ఏడాది 1889, అది మమ్మీ కాదు, మమ్మీ మీద కప్పే రంగుల చెక్కపలక మాత్రమే, టైటానిక్ మునిగిన రాత్రి అది లండన్‌లోనే ఉంది. నాలుగు వరసల చేతిరాత ముందు శాపం నిలబడలేకపోయింది. దయ్యాల మ్యూజియానికి ఆ నాలుగు వరసలే శత్రువు. అందుకే అక్కడ వస్తువుకి చీటీ ఉంటుంది, రిజిస్టరు ఉండదు. ఆ చీటీని చించేస్తే మిగిలేది సంతలో బేరమాడి కొనే సరుకు.

చీటీ ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే లాస్‌వేగాస్ వెళ్లాలి. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లిన మన అమ్మానాన్నలకి గ్రాండ్ కాన్యన్‌తో కలిపి చూపించే ఊరే. టీవీ దయ్యాల వేటగాడు జాక్ బేగన్స్ 2017లో అక్కడ తెరిచిన మ్యూజియంలోకి అడుగుపెట్టాలంటే ముందు పూచీ మాది కాదన్న కాగితం మీద సంతకం పెట్టాలి. లోపల ముఖ్య ఆకర్షణల్లో ఒకటి డిబ్బుక్ పెట్టె. పెట్టె అంటే వైను సీసాలు పెట్టుకునే చిన్న చెక్క బీరువా. 2003లో కెవిన్ మానిస్ అనే ఆయన దాన్ని ఈబేలో అమ్మకానికి పెడుతూ ఒక కథ జోడించాడు: యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడిన ఒక ముసలమ్మ ఇందులో ఒక దుష్టాత్మని బంధించిందట. యూదుల నమ్మకంలో డిబ్బుక్ మనిషిని పట్టుకుంటుంది, బీరువాల్లో కాపురం ఉండదు. ఆ సంగతి కొనేవాడికి అక్కర్లేదు. బీరువా చేతులు మారింది, 2012లో హాలీవుడ్ సినిమా అయింది, 2017లో మలయాళంలో 'ఎజ్రా'కి, 2021లో హిందీలో 'డిబ్బుక్'కి దారి చూపింది. ఆ 2021లోనే మానిస్ నోరు విప్పాడు: కథంతా తన కల్పనే. ఇప్పుడు ఆలోచించండి. అరవై లక్షల మందిని చంపిన దారుణం నుంచి బయటపడిన ఒక ముసలమ్మని, ఒక సెకండ్‌హ్యాండ్ బీరువా ధర పెంచడానికి పుట్టించారు. ఇది సరదా కాదు. చచ్చినవాళ్ల మీద చిల్లర ఏరుకోవడం. ఒప్పుకోలు వచ్చాకనైనా ఆ పెట్టె చీటీ మార్చి 'ఒక అబద్ధం ఎలా పుట్టింది' అని రాసి ఉంటే అది నిజంగా మ్యూజియం అయ్యేది.

అబద్ధం ఒకసారి అలవాటయ్యాక ఎవరి చావు దగ్గర ఆగాలో తెలియదు. 2025లో అనబెల్‌ని ఊరూరా తిప్పారు. మే నెలలో లూసియానాలో నాటోవే అనే తోట బంగళా కాలిపోతే బొమ్మ పారిపోయి తగలబెట్టిందన్నారు. ఆ భవనాన్ని బానిసల చెమటతో నిలబెట్టారన్న సంగతి బొమ్మ పొగలో కనబడకుండా పోయింది. జూలైలో గెటిస్‌బర్గ్‌లో, ఆ పర్యటన నడిపిస్తున్న వ్యక్తి హోటల్ గదిలో చనిపోయాడు. ఒక మనిషి, ఇంట్లో అతనికోసం ఎదురుచూసేవాళ్లున్న మనిషి. ఆ గదిలో బొమ్మ లేదని శవపరీక్షాధికారి విలేకరులకి చెప్పాల్సిన గతి పట్టింది. గుండె సంబంధమైన సహజ మరణమని తరవాత తేల్చారు. ఆ రెంటినీ ఎవరూ పంచుకోలేదు, గుడ్డబొమ్మ మొహాన్ని మాత్రం పంచుకున్నారు. మరుసటి నెలలోనే కౌలు ప్రకటన వచ్చింది.

సరదాకి వెళ్తారండీ, ఎవరు నమ్ముతారు, అంటారు. సరదా అయితే గుమ్మం మీద సరదా అని రాయడానికి అడ్డేమిటి? మాయాజాలం చేసే పి.సి. సర్కార్ ఏనాడూ నాకు దివ్యశక్తులున్నాయని టికెట్టు అమ్మలేదు. అయినా హాలు నిండింది. పూచీ లేదన్న కాగితం మీద సంతకం పెట్టించుకునేవాడు సరదా అమ్ముతున్నాడా, నమ్మకం అమ్ముతున్నాడా? ఫ్లోరిడా కీ వెస్ట్‌లో రాబర్ట్ అనే నావికుడి దుస్తుల బొమ్మకి, అనుమతి అడగకుండా ఫొటో తీశాం, క్షమించు అని జనం ఉత్తరాలు రాస్తున్నారు. సరదాకి వెళ్లి స్టాంపు అంటించి క్షమాపణ పంపేవాళ్లెవరు?

మన దగ్గర మాత్రం తక్కువా అని ఇంకొకరు. తక్కువేం కాదు, కొత్త ఇంటి ముందు గుమ్మడికాయ, చేలో దిష్టిబొమ్మ మనవే. కానీ దిష్టిబొమ్మ ఒక పని మీద నిలబడుతుంది. కోత అయ్యాక దాని చొక్కా ఎవరికి కావాలి, గడ్డి పశువులకి వేస్తారు. ఊళ్లో చింతచెట్టు దయ్యానికి ఆ ఊరి చావులు, ఆ ఊరి తగాదాలు, ఆ ఊరి పేర్లు ఉంటాయి. కథ చెప్పే ముసలమ్మకి అది ఎవరి కోడలో తెలుసు. అలాంటి కథల్ని సేకరించి, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో రాసి అద్దంలో పెట్టండి, మొదటి వరసలో నిలబడి చూడొచ్చు. జానపదం అంటే అది. ఊరూ పేరూ చెరిపేసి భయం ఒక్కటి సీసాలో పోసి అమ్మితే దాన్ని జానపదం అనరు.

పెద్ద మ్యూజియాలు కూడా శాపాన్ని వాడుకుంటున్నాయి కదా అన్న మాటలో మాత్రం నిజముంది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో హోప్ వజ్రం ముందు నిలబడేవాళ్లలో చాలామంది 45.52 క్యారట్ల నీలిరంగు రాయిని చూడ్డానికి కాదు, శాపాన్ని చూడ్డానికి వస్తారు. విగ్రహం కంటిలోంచి దొంగిలించారు, తెచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియేని కుక్కలు పీక్కుతిన్నాయి అని కథ. టావెర్నియే తెచ్చిన రాయిని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్ముకుని, ఎనభై దాటేదాకా బతికి, 1689లో మాస్కోలో పోయాడు. ఆ శాపాన్ని సానబట్టినవాడు పియేర్ కార్టియే అనే నగల వ్యాపారి, 1910 ప్రాంతాల్లో ఒక కోటీశ్వరురాలికి రాయి అంటగట్టడానికి. ఈ కథలో మనకి ఒక వాటా ఉంది. ఆ రాయి పుట్టింది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అని చరిత్రకారుల మాట. ఆ గనిలో ఆడా మగా పిల్లా కలిసి దాదాపు 60,000 మంది పనిచేయడం టావెర్నియే తన రాతల్లో పెట్టాడు: మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. విగ్రహం కంటికి ఒక కల్పిత శాపం దొరికింది, నగల వ్యాపారికి బేరం దొరికింది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ముంపులో ఉంది. తట్టలో మట్టి మోసిన ఆ పిల్లల్లో ఒక్కరి దయ్యమైనా ఇంతవరకూ ఎవరి కౌలుకీ రాలేదు.