బొల్లారం డబుల్ యాక్షన్

డబుల్ యాక్షన్ సినిమాకు మన దగ్గర ఓ లెక్కుంది. ఒకే పోలికతో ఇద్దరుండాలి. ఒకడు పిరికి, రెండోవాడు గడుసు. వాడింట్లో వీడు, వీడింట్లో వాడు దిగాలి. 1964లో తాపీ చాణక్య ‘రాముడు భీముడు’ తీశాక ఈ లెక్కకు ఢోకా లేకుండా పోయింది. కథ డి.వి.నరసరాజుది, రెండు వేషాలూ ఎన్టీఆర్‌వి. బావ చేతిలో దెబ్బలు తినే రాముడి స్థానంలో భీముడు దిగేసరికి బావగారికి చుక్కలు కనిపించాయి. ఆ కథే తమిళంలో ఎంజీఆర్‌కూ హిందీలో దిలీప్‌కుమార్‌కూ పనికొచ్చింది.

మన పక్కనే నడుస్తున్న డబుల్ యాక్షన్‌ను మాత్రం ఏ నిర్మాతా పట్టించుకోలేదు. హీరో పేరు బొల్లారం.

మొదటి బొల్లారం సికింద్రాబాద్‌లో, అల్వాల్ పక్కన. 1860లో కట్టిన భవనం, చుట్టూ 90 ఎకరాలు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు దొరది, ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. (ఇల్లూ వేషం మార్చిందే!) పదకొండు గదుల్లో సినిమా హాలు కూడా ఉంది. వంటిల్లు వేరే, వంటకాలు భోజనాల గదికి సొరంగంలోంచి వచ్చేవి. పోపు ఘాటు అతిథుల ముక్కుకు తగలకూడదని కాబోలు.

రెండో బొల్లారం సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామికవాడ. అక్కడ ఘాటుకు సొరంగం అక్కర్లేదు, కిటికీ చాలు. పటాన్‌చెరు–బొల్లారం కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ చుట్టుపక్కల దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో లెక్క బయటపెట్టారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. అవి శుద్ధి చేశాక వదిలిన నీళ్లండీ!

నిలయం తోట చూద్దామని బయల్దేరిన పెద్దాయన ఫోన్‌లో ఉత్త ‘బొల్లారం’ అని కొట్టి రెండోదాంట్లో దిగారనుకోండి. “మామిడితోట ఎటు నాయనా?” అంటే గేటు దగ్గర కుర్రాడు పొగగొట్టం చూపిస్తాడు. ఇంటర్వెల్ దాకా ఈ కామెడీ చాలు.

అసలు మజా తర్వాతే. ఏ గుమాస్తానో చిరునామా తప్పు రాసి, రాష్ట్రపతిగారి శీతాకాల విడిది కాన్వాయ్ రెండో బొల్లారానికి తిరగాలి. ఇక చూడండి! రాత్రికి రాత్రి రోడ్లు నల్లగా మెరుస్తాయి. కాలువలకు మూతలొస్తాయి. వాసన ఏ గొట్టం నుంచి వస్తోందో ఇన్నేళ్లూ అంతుపట్టని అధికారులకు ముక్కులు మొలుస్తాయి. ఆ గాలే ఒక్క రాత్రి మొదటి బొల్లారం మీదికి మళ్లితే, తెల్లారేసరికి జీవో రాకపోతే నన్నడగండి.

రాముడికైతే భీముడు దొరికాడు. రెండో బొల్లారానికి మొదటిది ఇంతవరకూ ఎదురుపడలేదు.

నిర్మాత దొరికేలోగా పాఠకులకో మాట. నిలయాన్ని 2023 నుంచి ఏడాది పొడవునా జనం చూడొచ్చు, సోమవారం సెలవు. బండి బుక్ చేసేముందు పిన్‌కోడ్ సరిచూసుకోండి: మామిడిచెట్లు 500010, పొగగొట్టాలు 502325.