పాపికొండలు చూసొచ్చారటగా!

ఊరినుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎదురైన ప్రతివాళ్ళదీ ఇదే ప్రశ్న. "పాపికొండలు చూసొచ్చారటగా! ఎలా ఉన్నాయండీ?" లిఫ్టులో అడుగుతారు. పాల ప్యాకెట్ల దగ్గర అడుగుతారు. ఇస్త్రీ బట్టలు తెచ్చే అబ్బాయి కూడా అడిగాడు. మా ఆవిడ వాట్సాప్ స్టేటస్ అతనిదాకా వెళ్ళింది మరి. "బ్రహ్మాండంగా ఉన్నాయి" అంటున్నాను. ఏం చెయ్యను? నిజం చెప్పాలంటే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పాలి.

నిజం ఏమిటంటే, నేను పాపికొండలు చూడలేదు. లాంచీ వాటి మధ్యలోంచే వెళ్ళింది. నేనూ ఆ లాంచీలోనే ఉన్నాను. టిక్కెట్టు పూర్తిదే తీసుకున్నాను. అయినా చూడలేదు.

చంటిపిల్లలున్న వాళ్ళకి ఈపాటికే మొత్తం కథ అర్థమైపోయి ఉంటుంది. మిగతాది చదివే తీరిక కూడా పాపం వాళ్ళకి ఉండదు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను.

రాజమండ్రిలో తెల్లారగట్ల లేపి, వ్యానెక్కించి, గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీలో కూలేసేదాకా జరిగినదంతా వదిలేస్తున్నాను. పిల్లల్ని తెల్లారగట్ల లేపినవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేపనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఉప్మా పొట్లాల సంగతీ వదిలేస్తున్నాను. నేరుగా కొండల దగ్గరికి వస్తాను.

రాజమండ్రి దగ్గర దాటాలంటే రెండున్నర కిలోమీటర్లకు పైగా వంతెన కావలసిన గోదావరి, ఇక్కడ రెండు కొండల మధ్య సన్నగా ఒద్దికగా తప్పుకుని పోతుందట. "పోతుందట" అనడానికి కారణం ఇప్పుడే చెబుతాను. మైకబ్బాయి పాట ఆపాడు. అది మామూలు విషయం కాదు, పొద్దుట్నుంచీ ఆపలేదు. "సార్, మేడమ్, అందరూ ఫోన్లు తియ్యండి, ఇంకో రెండు నిమిషాల్లో పాపికొండలు!" అన్నాడు. లాంచీలో ఉన్నవాళ్ళంతా రెయిలింగు వైపు కదిలారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు పెద్దలు. మా చిన్నోడు నా చొక్కా పట్టుకుని లాగి, "నాన్నా, రెండు" అన్నాడు.

వాడికి మూడేళ్ళు. వాడు రెండు అన్నాక మనం మూడు లెక్కపెట్టేలోపు ఏర్పాట్లు జరిగిపోవాలి.

లాంచీ వెనకాల, ఇంజను పక్కన, రేకు తలుపుతో ఓ చిన్న గది. గడియ ఎప్పుడో ఊడిపోయింది. దాని స్థానంలో నైలాను తాడు ముక్క కట్టారు. లోపలున్నవాళ్ళు ఆ తాడు పట్టుకుని కూర్చోవాలన్నమాట. మావాడి రెండు చేతులూ నా మెడ చుట్టూ ఉన్నాయి కాబట్టి తాడు నా పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కాలి కింద లాంచీ అంతా ఇంజనుతో పాటు వణుకుతోంది. గోడకి పైన అరచేతంత గాలి కన్నం ఉంది. అందులోంచి ముందు నల్లరాయి కనబడింది. తర్వాత పచ్చగా ఏదో కనబడింది. తర్వాత మళ్ళీ నల్లరాయి. బయట నుంచి "ఓ...!" అని పెద్ద కేక వినబడింది. అందరూ ఒక్కసారే అరిచారంటే అదేదో అద్భుతమే అయ్యుంటుంది.

కాసేపటికి మావాడు నా ముఖంలోకి చూసి, "పోయింది నాన్నా" అన్నాడు.

ఏం పోయిందిరా అంటే, రాబోయింది వెనక్కి పోయిందట. బయటికొచ్చి చూస్తే పాపికొండలూ పోయాయి.

లాంచీ ప్రయాణమంటే మన తెలుగువాళ్ళకి ఇంత మోజు ఎందుకంటే సినిమాల వల్లే. 1973లో బాపు 'అందాల రాముడు' తీశారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' తీశారు. రెండింట్లోనూ లాంచీ భద్రాచలం వెళుతుంది, దారిలో హీరోహీరోయిన్లు ప్రేమలో పడతారు. పడరూ మరి! వాళ్ళలో ఒక్కరి భుజానికైనా డైపర్ల సంచీ ఉందా? నేనూ మా ఆవిడా పెళ్ళయిన కొత్తలో ఆ రెండో సినిమా చూసి, ఎప్పటికైనా ఇలా వెళ్ళాలి అనుకున్నాం. వెళ్ళాం. లాంచీలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ గుర్తున్నాయి. "తడిగుడ్డ ఎక్కడ పెట్టావ్?" "మీ సంచీలోనే." "నా సంచీలో లేదు." అంతే.

పైగా ఆ సినిమా లాంచీల్లో మా మైకబ్బాయి లేడు. కొండలూ నీళ్ళూ కాసేపు మాట్లాడుకుంటుంటే విందామని వెళ్ళినవాణ్ణి, నాకు స్పీకరు పక్కన సీటు వచ్చింది. కొత్త జంటలు రావాలి, పాత జంటలు రావాలి, అత్తాకోడళ్ళు రావాలి, అందరూ స్టెప్పులెయ్యాలి. పిల్లల్ని నిద్రపుచ్చాలనుకునే జంటలకి మాత్రం ఆ కార్యక్రమంలో చోటు లేదు. "కొంచెం సౌండు తగ్గించు బాబూ, పిల్లాడు పడుకున్నాడు" అంటే, "సార్ వాళ్ళ బాబు కోసం ఓ స్పెషల్ సాంగ్!" అని మైకులో ప్రకటించి ఇంకాస్త పెంచాడు.

ఇంకో మాట, ఇది నవ్వుతూ చెప్పేది కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి అంతమంది ప్రాణాలు పోయాక, ఇప్పుడు అందరికీ లైఫ్ జాకెట్లు వేయిస్తున్నారు. వేయించాలి కూడా. మా లాంచీలో పిల్లలకీ పెద్దల జాకెట్లే ఇచ్చారు. చిన్నోడికి తొడిగితే కింద మోకాళ్ళు కనబడలేదు, పైన ముక్కు కనబడలేదు. పిల్లల సైజు లేదా అంటే "తాళ్ళు బిగించండి సార్" అన్నారు. అంత పెద్ద స్పీకరు కొనగలిగినవాళ్ళు అంత చిన్న జాకెట్టు కొనలేరా?

పేరంటాలపల్లిలో దిగాం. బాలానంద స్వామి ఆశ్రమం, శివాలయం, కొండమీంచి దిగే సెలయేరు, కొండరెడ్లు అమ్మే వెదురు పూలకుండీలు. ఇవన్నీ ఉన్నాయని మా ఆవిడ ఫోటోల్లో చూశాను. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. మెట్టు మీద ఓ కుక్క పడుకుని ఉంది, చిన్నోడు దాన్ని వదిలి రానన్నాడు. ఇప్పుడు వాణ్ణి పాపికొండల్లో ఏం చూశావురా అని అడిగితే "బౌబౌ" అంటాడు. కనీసం వాడు పూర్తిగా చూసింది ఒకటుంది.

తిరుగు ప్రయాణంలో అదే దారిన వస్తారుగా, అప్పుడు చూడొచ్చుగా అంటారు మీరు. చెప్పు పడింది తిరుగు ప్రయాణంలోనే.

చెప్పు మా పెద్దదానిది. గులాబీ రంగు. అడుగేస్తే మడమ దగ్గర లైటు వెలుగుతుంది. సరిగ్గా కొండలు దగ్గరకొచ్చే చోట, అందరూ తలెత్తి చూస్తున్న సమయంలో, చిన్నోడు దాన్ని తీసి గోదావరికి సమర్పించాడు. మునిగితే గొడవ వదిలేది. మునగలేదు. తేలుతూ, ఊగుతూ, లాంచీ వెనకాల వయ్యారంగా నిలబడిపోయింది. లాంచీ జనమంతా పైకి చూస్తుంటే మా కుటుంబం మాత్రం నీళ్ళలోకి చూస్తోంది. పెద్దది ఏడుపు ఆపాలని, "ఏడవకమ్మా, గోదావరి మనూరి వైపే పోతుంది, అదే వచ్చేస్తుంది" అన్నాను.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు, "నాన్నా, నా చెప్పు ఇప్పుడు ఎక్కడుంది?"

మొదట్లో నోటికొచ్చింది చెప్పాను. కానీ ఏడేళ్ళ పిల్ల నిన్న చెప్పింది మర్చిపోదు. నిన్న దేవీపట్నం అన్నావు, ఇవాళ కూడా దేవీపట్నమేనా అంటుంది. దాంతో పద్ధతిగా లెక్క వెయ్యాల్సి వచ్చింది. ముందు పోలవరం. స్పిల్‌వేకి 48 గేట్లున్నాయి, ఎత్తి ఉన్నాయా దించి ఉన్నాయా? ఎత్తే ఉన్నాయనుకుందాం. ఆ తర్వాత పట్టిసీమ. ఇక్కడ చిక్కుంది. 24 మోటార్లు పెట్టి గోదావరి నీళ్ళు తోడి, కాలవలో పోసి, కృష్ణకి పంపుతారు. అవి నడుస్తున్న రోజుల్లో అయితే మా అమ్మాయి చెప్పు గోదావరిలో పడి కృష్ణలో తేలే అవకాశం ఉంది. రెండు నదుల్లో ప్రయాణం చేసిన మొదటి చెప్పు అదే అవుతుంది. ఈ సంగతి ఆఫీసులో టీ దగ్గర అంటే, ఒకాయన "మోటార్ల ముందు జాలీ ఉంటుందండీ, చెప్పు పోనివ్వదు" అన్నారు. ఇంకొకాయన "చెప్పు సైజెంత?" అన్నారు. "పదకొండు" అన్నాను. ఆ మధ్యాహ్నం మా సెక్షనులో ఇంకే ఫైలూ కదల్లేదు.

సరే, కృష్ణ ఆశ వదులుకున్నాం. రాజమండ్రిలో వంతెనల కింద నుంచి వస్తుంది. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద ఇప్పుడు రైళ్ళు లేవు కాబట్టి అక్కడ గొడవ లేదు. తర్వాత ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన చోటే ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉంది. గేటు తప్పి కాలవలో పడిందా, డెల్టాలో ఏ వరిచేలోనో తేలుతుంది. ఏ రైతో దాన్ని చూసి, రెండోదేదని వెతుక్కుంటాడు పాపం. కాలవలు తప్పించుకుందా, గోదావరి అక్కడ చీలుతుంది. గౌతమి పాయలో పడితే యానాం. వసిష్ఠలో పడితే నర్సాపురం, అంతర్వేది. వసిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది, అటు తిరిగితే ఓడలరేవు. పాపం ఋషులు తలా ఒక పాయ పంచుకున్నప్పుడు ఇలా చెప్పు వస్తుందని అనుకుని ఉండరు.

మా పెద్దది మాత్రం తేల్చేసింది. చెప్పు వసిష్ఠలోకే వెళ్ళాలి. ఎందుకంటే అమ్మమ్మ వాళ్ళది సఖినేటిపల్లి. ఫోను చేసి, "అమ్మమ్మా, నా చెప్పు వస్తుంది, రేవులో చూస్తూ ఉండు" అంది. మా అత్తగారు "అలాగేనమ్మా, రోజూ చూస్తున్నాను" అంటున్నారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో వీధి గుమ్మమే దిగలేరు. మొన్న ఇంకో అడుగు ముందుకేసి, "నర్సాపురం నుంచి వచ్చే పంటు వాళ్ళకి కూడా చెప్పి ఉంచానమ్మా" అన్నారు. దాంతో ఇక్కడ ఆశలు మళ్ళీ చిగురించాయి. నాకు అల్లుడిగా చాలా ఇబ్బందులు తెలుసు కానీ, అత్తగారు చెప్పిన అబద్ధానికి నేను రోజూ రాత్రి మ్యాపుతో సాక్ష్యం చెప్పాల్సి రావడం ఇదే మొదలు.

ఇదంతా ఇలా ఉండగా, ఒక్కటి మాత్రం నేను నిజంగా చూశాను. అది ఏ బ్రోషరులోనూ లేదు.

సాయంత్రం దేవీపట్నం వైపు వచ్చేసరికి చిన్నోడు నిద్రపోయాడు. మైకు కూడా అలిసిపోయింది. ఒడ్డున ఇళ్ళు కనబడ్డాయి. పైకప్పులు లేవు, తలుపులు లేవు, గోడలకి బురద గీతలున్నాయి. ఒక గోడకి నీలం రంగు కిటికీ చట్రం ఒక్కటే మిగిలింది. పెద్దది "ఈ ఇళ్ళల్లో వాళ్ళేరీ?" అంది. వేరే చోటికి వెళ్ళిపోయారన్నాను. ఎందుకూ అంటే, ఇక్కడికి నీళ్ళొస్తాయి అన్నాను. "నీళ్ళు పోయాక మళ్ళీ వస్తారా?" అంది. రారమ్మా అన్నాను. అది చెప్పు గురించి అడిగినన్ని ప్రశ్నలు దీని గురించి అడగలేదు.

పోలవరం పూర్తిగా నిండితే నీటిమట్టం 150 అడుగులు. లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సిన ప్రాజెక్టు అది. కిందనున్న పొలాలకి నీళ్ళు కావాలి, నేను కాదనను. నేను తినేదీ ఆ పొలాల బియ్యమే. కానీ చంటిపిల్లలతో ఎక్కడికి వెళ్ళినా మనల్ని మనం ఓదార్చుకునే మాట ఒకటుంటుంది కదా, "పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ వచ్చి తీరిగ్గా చూద్దాంలే" అని. ఆ మాట ఈ గోదావరి మీద చెల్లదు. వీళ్ళు పెద్దయ్యేసరికి కొండలుంటాయేమో గానీ, ఈ గట్టూ, ఈ మెట్లూ, నది ఇంత కిందుగా కొండలు అంత పైకి కనబడటమూ ఉండవు. పిల్లలూ ఇలా ఉండరు. చిన్నోడు నా చొక్కా పట్టుకుని లాగడు. పెద్దది నన్ను ఏ నది గురించీ అడగదు, దాని ఫోనునే అడుగుతుంది. ఆగి ఉండమంటే ఆగేవి ఏవీ లేవు, నేను వాయిదా వేస్తున్న వాటిలో.

ఇంత బాధలోనూ లాంచీ యజమానులకి ఒక్క విన్నపం. మీ బోర్డు మీద పిల్లలకి టిక్కెట్టు తక్కువ అని రాస్తున్నారు. అది తప్పు లెక్క. కుక్కతో సహా చూడాలనుకున్నదంతా చూసి వచ్చేది పిల్లలే. వాళ్ళ దగ్గర పూర్తి డబ్బులు తీసుకోండి. వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర సగం తీసుకోండి. గాలి కన్నంలోంచి చూసినవాళ్ళకైతే పావు చాలు.