ఆశ్చర్యపోయే ఉద్యోగం

నోరు తెరవడం కూడా ఒక అర్హతేనని యాభై ఏళ్ళు దాటాక తెలిసింది నాకు.

మా బావమరిదికి ఇంద్రజాలం పిచ్చి. కళ్ళకు గంతలు కట్టుకుని బి.వి. పట్టాభిరామ్ గారు హైదరాబాదు వీధుల్లో స్కూటర్ నడిపారని విన్న మర్నాడే వీడు మా అత్తగారి పాత చీరముక్క కళ్ళకి బిగించి సైకిలెక్కాడు. ఆయన క్షేమంగా చార్మినార్ చేరారు. వీడు ఎదురింటివాళ్ళ పేడకుప్ప చేరాడు. అయినా పిచ్చి వదల్లేదు. ఇప్పటికీ పగలంతా ఆఫీసులో జనం దగ్గర బిల్లులు కట్టించుకుని, సాయంత్రం పిల్లల చెవుల్లోంచి రూపాయి బిళ్ళలు తీస్తుంటాడు.

మూడేళ్ళ కిందట ఒకరోజు వచ్చి, "బావా, నెలనెలా రెండో ఆదివారం నువ్వు మా మెజీషియన్ల క్లబ్బుకి రావాలి" అన్నాడు.

"నాకా విద్య ఒక్క ముక్కా రాదు కదరా?"

"అందుకే రమ్మంటున్నాను."

రాజమండ్రిలో ఒక ట్యూషన్ సెంటరు మేడమీద గదిలో వాళ్ళ సమావేశం. వెళ్ళాక అర్థమైంది వాళ్ళ కష్టం. పద్దెనిమిది మంది సభ్యులు. ఒకడు లేచి ఎర్ర రుమాలుని పచ్చ రుమాలు చేస్తాడు. మిగతా పదిహేడు మందీ చేతులు కట్టుకుని వాడి చొక్కా కఫ్ వైపు చూస్తుంటారు. చప్పట్లుండవు. "యాంగిల్ కొంచెం పక్కకి తిప్పుకోవాలి నాయనా" అంటారు, అంతే. వంటవాళ్ళింట్లో పెళ్ళిభోజనం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తినేవాడే ఉండడు, అందరూ ఉప్పు చూసేవాళ్ళే.

అంచేత ఏమీ తెలియనివాడొకడు కావాల్సొచ్చాడు. ముందు వరసలో మధ్య కుర్చీ నాది. పని: ఆశ్చర్యపోవడం. జీతం: రెండు మిరపకాయ బజ్జీలు, ఒక టీ. నా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో ఇన్నేళ్ళయినా నాకు తెలీదు; అది కనిపించినప్పుడల్లా నిజంగానే ఆశ్చర్యపోతాను. అంతకంటే అనుభవం ఏం కావాలి?

క్లబ్బు ప్రెసిడెంటు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ప్రత్యేకత లోటా. ఒక ఇత్తడి చెంబులోంచి నీళ్ళన్నీ బకెట్లోకి ఒంపేసి, బోర్లించి చూపించి పక్కన పెడతారు. ఇంకొకరి ఐటమ్ అయ్యాక మళ్ళీ ఎత్తితే మళ్ళీ నీళ్ళు. ప్రపంచంలో ఏ దేశపు మెజీషియనైనా ఈ అంశాన్ని 'వాటర్ ఆఫ్ ఇండియా' అనే పిలుస్తాడని మాస్టారు గర్వంగా చెబుతారు. మా వీధి కుళాయికి ఇదే విద్య తిరగేసి వచ్చు. ఎన్నిసార్లు తిప్పినా ఖాళీయే.

చెంబు ఖాళీ అయినా మాస్టారి దగ్గర కథలు ఖాళీ కావు. 1956 ఏప్రిల్లో లండన్‌లో పి.సి. సర్కార్ బిబిసి టీవీలో ఒకమ్మాయిని రంపంతో రెండుగా కోశారు. ఎంత లేపినా ఆ అమ్మాయి లేవలేదు. అంతలో వ్యాఖ్యాత కెమెరాకి అడ్డంగా వచ్చి కార్యక్రమం అయిపోయిందనేశాడు. పిల్ల చచ్చిపోయిందని ఊరంతా హడలిపోయి బిబిసికి ఫోన్లే ఫోన్లు. పిల్ల నిక్షేపంగా ఉంది. మాస్టారు చెప్పిన ప్రతిసారీ ఆ ఫోన్ల సంఖ్య ఓ వంద పెరుగుతుంది గానీ, నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ఫోన్లు చేసినవాళ్ళంతా నా తోటి ఉద్యోగులే కదా!

అసలు ఈ ఉద్యోగం మనకి కొత్తది కాదు. కొరవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక'లో ఒక ఇంద్రజాలికుడు యుద్ధానికని ఆకాశంలోకి వెళ్ళిపోతాడు. పైనుంచి కాళ్ళూ చేతులూ తెగి పడతాయి. భార్య సహగమనం చేస్తుంది. అంతా అయ్యాక వాడు తాపీగా దిగొచ్చి, నా పెళ్ళామేదీ అని రాజుని నిలదీస్తాడు. రాజు తెల్లబోయాడంటే ఆ సభలో రెండో ఇంద్రజాలికుడు లేడు కనకనే. మా క్లబ్బులో అయితే "చెయ్యి కొంచెం ముందు పడింది, టైమింగ్ చూసుకో" అనేవారు.

ఫిబ్రవరి 23 సర్కార్ పుట్టినరోజు. దేశంలో ఇంద్రజాలికులందరికీ పండగే. మా క్లబ్బు వార్షిక పోటీ కూడా ఆ రోజే. మనిషికి ఐదు నిమిషాలు. ప్రాణమున్నవాటిని తీసుకురాకూడదు. ఈ రెండో నిబంధన కిందటేడు పెట్టారు. టోపీలోంచి వచ్చిన పావురం సీలింగ్ ఫ్యానెక్కి కూర్చుని, సాయంత్రం ట్యూషన్ పిల్లలు వచ్చి లెక్కలు మొదలెట్టాక కూడా దిగలేదట. న్యాయనిర్ణేతని నేనే. ఏమీ తెలియనివాడికి పక్షపాతం ఉండదని వాళ్ళ నమ్మకం.

మొదట ఒక కాంపౌండరు గారు రింగులు చేశారు. విడివిడిగా ఉన్న ఉక్కు రింగులు ఒకదాంట్లో ఒకటి చక్కగా దూరాయి. దూరినవి మళ్ళీ రాలేదు. ఆయన లాగారు, చిరునవ్వు నవ్వారు, లాగారు. చివరికి గొలుసులాగే మెళ్ళో వేసుకుని దండం పెట్టి దిగిపోయారు. ఆ దిగడంలో ఉన్న హుందాతనానికి నేను ఏడు మార్కులు వేశాను.

తర్వాత ఒక బ్యాంకు క్యాషియరు. పేక పరిచి నన్నొక ముక్క తీసుకోమన్నాడు. తీశాను, కళావరు ఏడు. ఆయన కళ్ళు మూసుకుని, నుదురు నొక్కుకుని, చెమటలు పట్టించుకుని, "ఆఠీను రాణి!" అన్నాడు. పాపం అనిపించింది. "అవునండీ! ఎలా చెప్పారండీ!" అని నోరు తెరిచాను.

"ఏదీ, సభకి చూపించండి" అన్నాడు.

ఆ ముక్కని మాయం చేసే విద్య వచ్చి ఉంటే ఆ క్షణంలో నేనే ఫస్టు ప్రైజు కొట్టేవాణ్ణి.

మూడోవాడు మా బావమరిది. నల్లకోటు వేసుకుని కోడిగుడ్డుతో వచ్చాడు. గుడ్డుని కుడి గుప్పిట్లో పెట్టి, ఆ చెయ్యి పైకెత్తి, దానివైపే చూస్తూ మంత్రం ఊదాడు. దీన్నే వాళ్ళు మిస్‌డైరెక్షన్ అంటారు. మెజీషియన్ ఎటు చూస్తే మనమూ అటే చూస్తాం. అలా చూడడమే ప్రేక్షకుడి ధర్మం, సగం మ్యాజిక్కు మన కళ్ళే చేస్తాయి. మూడేళ్ళుగా నేనూ అలాగే చూశాను. ఆ రోజు మాత్రం నోరు వేళకే తెరుచుకుంది గానీ, కళ్ళు వాటంతటవే జారి వాడి ఎడమ జేబు మీద వాలాయి.

వాడు చూశాడు. కంగారుపడ్డాడు. ఎడమ మోచెయ్యి ఒంటికి నొక్కుకున్నాడు. ఫట్‌మని చిన్న చప్పుడు. జేబు కింద పచ్చసొన మెల్లగా దిగసాగింది.

పదిహేడు మందీ మొదటిసారి చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం నన్నే చూస్తున్నారు.

"మీకు తెలిసిపోయిందండీ" అన్నారు, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

"లేదండీ, యాదృచ్ఛికంగా..."

"ఎడమ జేబు యాదృచ్ఛికం కాదండీ. ఇక మీరు మాకు పనికిరారు."

ఆ కుర్చీలోంచి లేపేసి, రెండొందలు సభ్యత్వం కట్టించుకుని వెనక వరసలో కూర్చోబెట్టారు. బజ్జీలు కూడా అప్పట్నుంచి ఒకటే. వచ్చే నెల నేనూ ఒక అంశం చెయ్యాలట.

రూపాయి బిళ్ళతో వారంరోజులు అద్దం ముందు సాధన చేశాను. నిన్న రాత్రి మా ఆవిడ హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడకి నచ్చితే ఖాళీ అయిన ముందు వరస కుర్చీకి ఆవిడ పేరే చెబుదామని కూడా మనసులో ఉంది. కుడి గుప్పిట పైకెత్తి, ఊది, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, "మాయం!" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "ఎడమ చేతిలో ఉంది" అంది.

"నీకెలా తెలుసు?"

"సిగరెట్టు పెట్టె దాచే రోజుల్లోనూ ఇలాగే కుడిచెయ్యి ఊపుతూ మాట్లాడేవారు" అని చిక్కుళ్ళ పళ్ళెం నా ముందుకి తోసింది.