ఫస్ట్ ప్రైజు దరువు

రాజుపాలెంలో ఒక రాక్ బ్యాండ్ ఉండేదంటే పక్కనున్న సత్తెనపల్లి వాళ్లు కూడా నమ్మరు. ఉండేది. మా మేనల్లుడిదే. పల్నాడు కొత్త జిల్లా అయిన 2022లో, ఇంజినీరింగు రెండో ఏట, నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టారు. ఒక గివ్‌సన్ గిటారు, ఎవరిదో అరువు కీబోర్డు, డ్రమ్స్ కొనే స్తోమతు లేక కహోన్ అనే చెక్కపెట్టె. సెలవుల్లో ప్రాక్టీసు కొండమోడు దగ్గర మా బావ వాళ్ల మిర్చి కల్లంలో. పట్టాల మీద కాయలు ఆరుతుండేవి. గాలి ఇటు తిరిగిందంటే పాడేవాడు చరణం మధ్యలో తుమ్మేవాడు. ఆ తుమ్ముల రికార్డింగులు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి.

మన దేశంలో ఇలాంటి బ్యాండ్లన్నీ దాదాపు ఒకే దారిన నడిచాయి. 1970, 71ల్లో సిమ్లా సిగరెట్ల పేరుతో పోటీలు పెట్టి, నెగ్గిన కుర్రకారు పాటల్ని రికార్డులుగా వేశారు. అప్పుడంతా ఇంగ్లీషే. 1984లో బొంబాయిలో మొదలైన రాక్ మెషీన్ కూడా ముందు పరాయి పాటలు వాయించి, ఆ తర్వాతే సొంత పాటలకొచ్చింది. మావాళ్లూ అంతే. ఏడాదిపాటు ఎవరికీ అర్థంకాని పాటలు అరిచారు. తర్వాత చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్లిపోతా మామ’ పట్టుకుంది వీళ్లను. అందులో పాడిన రామ్ మిరియాలే 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడి సినిమాల్లో వెలిగిపోయాడని తెలిశాక ఇక ఆగుతారా? మట్టివాసన కావాలన్నారు. మట్టివాసనంటే డప్పు అని తేల్చారు.

ఊళ్లో డప్పు పట్టే పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఆయన పడుచుతనంలో, 1994లో, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమమై మోగింది. దాని మాటలు వింటూ పెరిగిన కొడుకులిద్దరూ చావులకు కొట్టేది లేదని తెగేసి చెప్పి హైదరాబాదు వెళ్లిపోయారు. ఈయన మాత్రం మానలేదు. నెలకు 4,000 డప్పు పింఛను, ఎవరన్నా పోతే కబురు.

మావాడు సాయంత్రాలు ఆయన వాకిట్లో కూచునేవాడు. నేనూ ఓసారి వెళ్లి చూశాను. వరిగడ్డి మంట వేసి, డప్పును దానిమీద చక్రంలా తిప్పుతూ కాచేవాడు పెద్దాయన. తోలు బిగిసిందో లేదో వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఇంకా కాగాలనిపిస్తే మరో గుప్పెడు గడ్డి. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. “చిర్ర మాట్లాడుద్ది చినబాబూ, పుల్ల ఊఁ కొడుద్ది. ఊఁ కొట్టడం తప్పితే మాట చెడుద్ది” అన్నాడు. ఫీజు బీడీకట్ట. మొదట్లో ‘ఏమయ్యా’ అని పిలిచే మావాడు నెల తిరిగేసరికి ‘గురువు గారూ’ అంటున్నాడు. నాకు ముచ్చటేసింది.

ఆయన చేసిచ్చిన డప్పు ఇంటికొచ్చింది. గిటారు ఏసీ గదిలో మంచం మీద ఉండేది. డప్పు గొడ్లచావిట్లో. “తోలు గదరా, ఇంట్లో పెడితే ఎలకలు కొడతయ్” అంది మా అక్క. చావిట్లో ఎలకలు లేవా అని నేనడగలేదు. అక్కతో వాదం పెట్టుకునే వయసు దాటింది.

కాలేజీ ఫెస్టులో ఫస్ట్ ప్రైజు కొట్టారు. మావాడు డప్పెత్తుకోగానే కుర్చీలన్నీ ఖాళీ, జనమంతా స్టేజీ కిందే. నలుగురికీ ఒకే రకం నల్ల టీషర్టులు. వాటి మీద తెల్లక్షరాలతో ‘డప్పుకు కులం లేదు’ అని అచ్చేయించారు. మైకులో పెద్దాయన పేరు చెప్పి, “ఆయనే నా గురువు” అని మావాడు ఊరివైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఆయన్ని వెంట తీసుకెళ్లలేదేంరా అంటే, కార్లో చోటు చాల్లేదు మామా అన్నాడు.

నిరుడు మిరపకోతల్లో మా అక్క మామగారు పోయారు. తొంభై దాటిన మనిషి, నిండు చావు. డప్పు లేకుండా సాగనంపితే ఊళ్లో పరువేముంటుంది? పెద్దాయనకు కబురెళ్లింది. వచ్చాడు, ఉత్త చేతులతో. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. పక్షవాతం తగిలి రెండు నెలలయిందట. మాకెవరికీ తెలీదు. శిష్యుడికీ తెలీదు.

బావ పిడుగురాళ్లకూ సత్తెనపల్లికీ ఫోన్లు కొట్టాడు. మాఘమాసం, పెళ్లిళ్లు. ఒక్కడూ ఖాళీ లేడు.

“చినబాబుకొచ్చు గదయ్యా” అన్నాడు పెద్దాయన. “చావు దరువు గూడా నేర్పా. తాతకి మనవడే కొట్టి సాగనంపితే ఇంకేం కావాల?”

ఆ గొంతులో ఎకసెక్కేమన్నా ఉందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఏమీ లేదు, నిజంగానే అన్నాడు. బావ కండువా సర్దుకున్నాడు. అక్క లోపలికెళ్లిపోయింది. శామియానా కింద ఉన్నవాళ్లంతా మావాడి వంక చూశారు. వాడు ఫోను వంక చూసుకున్నాడు.

“ఒక్క నిమిషం” అని లోపలికెళ్లి బ్లూటూత్ స్పీకరు తెచ్చాడు. ఫస్ట్ ప్రైజు వచ్చిన రోజు రికార్డింగు పెట్టాడు. చప్పట్లూ ఈలలూ కత్తిరించి ఉన్నది. మంచి స్పీకరు, బజారు చివరిదాకా వినపడింది. “అచ్చం ఎదురుగా కొట్టినట్టే ఉంది” అన్నారెవరో. బావ మొహం తేటపడింది.

పాడె లేచింది. స్పీకరు పట్టుకుని దాని ముందు నడిచే మనిషొకడు కావాలి గదా. మావాడు సరాసరి పెద్దాయన దగ్గరికెళ్లి, ఆడుతున్న ఎడమచేతిలో దాన్ని పెట్టాడు.

“కాస్త ముందు నడువు, గురువు గారూ” అన్నాడు.