ఎంట్రీలు పంపండహో!

1988లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో మొదలై, 2025లో సియోల్ దాకా తిరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రానిక్ కళల సదస్సు ఎంట్రీలు పంపమని ఊరూరా టముకేస్తుంది. మనోళ్లకే కబురందలేదు. మిర్యాలగూడ మిల్లులో సార్టెక్స్ మిషన్ చూడండి: జారే బియ్యంలో నల్లగింజను కెమెరా కనిపెట్టగానే, ఉఫ్‌మని గాలి ఊది అవతలికి తోసేస్తుంది. పారిస్ గ్యాలరీలో పెడితే టికెట్ కొని చూస్తారు! సూర్యాపేట పక్కన పెద్దగట్టు జాతరలో సీరియల్ బల్బులు సరేసరి. కోదాడలో లీడర్ పుట్టినరోజు డీజేకి కిటికీ అద్దాలు దడదడలాడితే అది, సదస్సువాళ్ల భాషలో, సౌండ్ ఇన్‌స్టలేషన్. చిక్కల్లా దరఖాస్తులో ‘కళాకారుడి ఫొటో’ గడితోనే. అన్న ఫొటో పెద్దగా పెట్టి, చుట్టూ తమ్ముళ్ల తలకాయలు ఇరికించేసరికి గడువు కాస్తా దాటిపోతుంది.